నేను బతికించిన చిక్కుడు

ఆ రోజుల్లో నాకు యవ్వనం కొత్తగా వచ్చింది. లోకంలో అందరికీ మీసాలతో పాటు వచ్చేది నాకు పెన్షన్‌తో పాటు వచ్చింది. అంతకుముందు రావడానికి దానికి వీలు చిక్కలేదు. శ్రీకాకుళంలో రైలెక్కి సికింద్రాబాదులో దిగిన కుర్రాణ్ణి దిగినట్టే తీసుకెళ్లి రైల్వే పార్సిలు ఆఫీసులో కూర్చోబెట్టారు, లేచేసరికి జుట్టు తెల్లబడి ఉంది. మధ్యలో పెళ్లి, నేరేడ్‌మెట్‌లో ఇల్లు, మోకాళ్ల నొప్పులు వగైరా జరిగాయి కానీ అవి యవ్వనం కిందకి రావు. కనుక నా ఉడుకు రక్తం, నా ఆవేశం, ఈ ప్రపంచాన్ని ఎవరో ఒకరు బాగుచెయ్యాలి, ఆ ఒకరు నేనే ఎందుకు కాకూడదు అనే దురద, అన్నీ రిటైరయ్యాకే మొదలయ్యాయి. ఆ వేడిలో నేను చేసిన ఘనకార్యాన్ని ముందు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. భద్రాచలం అవతలి అడవుల్లో కోయవాళ్లు తరతరాలుగా వేసుకుంటూ వచ్చి చివరికి పోగొట్టుకున్న ఒక చిక్కుడు జాతిని ఈ రెండు చేతులతో బతికించాను. వందలాది ఆదివాసీ యువతను కూడగట్టి, పాతకాలపు సేద్యం వైపు, దేశవాళీ విత్తనం వైపు నా వెనక నడిపించాను. అందుకు నాకు శాలువా కప్పి జ్ఞాపిక ఇచ్చారు. జ్ఞాపిక ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, కావాలంటే వచ్చి చూడొచ్చు. (వంటింట్లో ఉంది. అక్కడెందుకు ఉందో కాస్సేపట్లో మీకే తెలుస్తుంది.)

కథ మోకాలి దగ్గర మొదలవుతుంది. కుడి మోకాలికి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు, పొద్దున్నే సూది వెయ్యడానికి ఒక కోయ పిల్ల వచ్చేది. నర్సింగ్ చదువు ముగించి కొత్తగా డ్యూటీలో చేరింది. ఆ పిల్ల సూది వేస్తే తెలిసేది కాదు, మాట్లాడినా తెలిసేది కాదు, అంత మెల్లగా మాట్లాడేది. నాకేమో నోరు ఊరుకోదు. మంచం మీద పడి ఉన్నవాడికి వేరే పనేముంటుంది గనక, "మీ ఊళ్లో ఏం పండుతుందమ్మా" అని అడిగాను.

"పత్తి సార్. మిర్చి."

"అంతకుముందో?"

ఆ పిల్ల చేతిలో ట్రే పక్కన పెట్టి, మొదటిసారిగా నా కాలిని వదిలేసి నా మొహం చూసింది. ఆ తరవాత నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆ 'అంతకుముందు' కొంచెం కొంచెంగా చెప్పింది. ఏ జొన్న అంబలికి బాగుంటుందో, ఏ సామలు వానలు ఆలస్యమైనా పండుతాయో, మెట్టచెలక గట్ల మీద నల్లగింజ చిక్కుడు ఎట్లా అల్లుకునేదో చెప్పింది. చిక్కుడు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయేది. వాళ్ల ఊళ్లో చిక్కుడు పండగ అని ఒకటి ఉండేదట. కొత్త కాయ ముందుగా ఊరి తల్లికి పెట్టాలి. అది అయ్యేదాకా తీగ నిండా కాయలు వేలాడుతున్నా, ఇంట్లో పిల్లలు ఏడుస్తున్నా, ఒక్కరూ ఒక్క కాయ నోట్లో వేసుకోరు. ఆ మొక్కుకి సంతలో కొన్న చిక్కుడు పనికిరాదు. పత్తి వచ్చింది, దాని వెంట గడ్డిమందు వచ్చింది, గట్ల మీది తీగలు మాడిపోయాయి, గింజ పోయింది, గింజతో పాటు పండగా పోయింది.

"ఇప్పుడు మరి తినడం లేదా?" అన్నాను.

"తింటున్నరు సార్. సంతల కొనుక్కొచ్చుకుని ఎప్పుడు పడితే అప్పుడు తింటున్నరు. పండుగే లేనప్పుడు ఇంక ఆగేది దేనికి?"

ఆ ఎండాకాలం వాళ్ల మేనత్త ఇంటి అటక మీద ఒక ఎండు సొరకాయ బుర్ర దొరికిందట. లోపల బూడిద, బూడిదలో నల్ల గింజలు, చాలావరకు పుచ్చిపోయినవే. బాగున్నవి ఏరి హాస్టలుకి తెచ్చుకుంది. ఊళ్లోనే వేస్తే కోతులైనా వదలవు, పక్క చేలో కొట్టే మందైనా వదలదు. తన కళ్ల ముందు, తన చేతి కింద ఒక్క పంట తీసి విత్తనం చేసుకోవాలని ఆ పిల్ల పంతం. ఊరి పెద్దకి మాట కూడా ఇచ్చేసింది. ఊరుమ్మడి చెలక ఒకటి కొండవాలున ఉంది. దాన్ని పత్తికి కౌలుకిమ్మని బయటివాళ్లు తిరుగుతున్నారు. ఈ పిల్ల వెళ్లి, ఒక్క ఏడాది ఆగండి, ఇంటికి గుప్పెడు చిక్కుడు గింజలు తెస్తాను, మా వయసువాళ్లమంతా కలిసి అందులో పాత పంటలే వేస్తాం, పండగ మళ్లీ చేద్దాం అన్నది. ఊరి పెద్ద, సరే, వచ్చే వానలదాకా చూస్తాను, గింజ తెస్తే చెలక మీది, తేకపోతే పత్తిది, ఆ తరవాత నన్ను అడగొద్దు అన్నాడు. తెస్తానని వచ్చేసింది. ఎక్కడ వెయ్యాలో మాత్రం తెలియదు. హాస్టలు బాల్కనీలో ఒక బకెట్టు పెట్టుకునే చోటు ఉందట.

నేను మంచం మీంచే లేచి నిలబడ్డంత పని చేశాను. మా బావమరిది విశాఖపట్నంలో ఉంటూ మా ఇంటి పక్కనే ఒక స్థలం కొని పడేశాడు. దాన్ని ఎవరూ కబ్జా చెయ్యకుండా కూర్చుని చూడటమే రిటైరయ్యాక నా ఉద్యోగం. "నీకెందుకమ్మా, నేనున్నాను" అన్నాను. నన్ను డిశ్చార్జి చేసేటప్పుడు ఆ పిల్ల మందుల చీటీ చేతిలో పెట్టి, "మోకాలు మడవొద్దు సార్, నిచ్చెన అస్సలే ఎక్కొద్దు" అని చెప్పింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. నాకు ఆ పిల్ల మొత్తం మీద రెండే రెండు ఆజ్ఞలు ఇచ్చింది, అందులో ఇది మొదటిది.

ఇక వందలాది యువత సంగతి. వందలాది అనేది మాట వరసకి అన్నాను, పదిమంది అనుకోండి. సరే, ఇంట్లో ఆవిడ వింటోంది, నిజమే చెబుతాను. ఆ పిల్ల ఒకర్తె. వాళ్ల ఊరివాడే, వరసకి అన్న, మోటారు సైకిలు మీద ఇంటింటికీ భోజనాల పొట్లాలు చేరవేసే ఒక పొడుగోడు. మౌలాలిలో పొడుగోడి గదిలో ఉండే మరో ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకడు అసలు కోయవాడే కాదు, నల్లగొండవాడు, మా ఇంటి వైఫై కోసం వచ్చేవాడు. అయినా వాడే అందరికంటే ఎక్కువ తవ్వాడు. 'నా వెనక నడిపించాను' అన్నమాట కూడా కొంచెం సవరించాలి. వాళ్లు ముందు తవ్వుకుంటూ పోతుంటే నేను వెనక ప్లాస్టిక్ కుర్చీ జరుపుకుంటూ పోయాను. గొడుగు నేనే పట్టుకున్నాను, ఎవరినీ పట్టుకోమనలేదు, అది మాత్రం నిజం.

ఊరికే కూర్చోవడం ఇష్టం లేక ఒక సంఘం పెట్టాను. అధ్యక్షుడు నేను. మిగతావాళ్లు 'ఆదివాసీ యువశక్తి'. రబ్బరు స్టాంపు చేయించాను, పందిరికి వెదురు కర్రలు తెచ్చేలోపే బ్యానరు తెచ్చాను. ఆదివారం ఆదివారం వాళ్లు గుంతలు తీసి ఎరువు వేస్తుంటే, నేను ఫోనులో చూసి సంప్రదాయ వ్యవసాయం గురించి వాళ్లకి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. "మన పూర్వీకులు చిక్కుడును ఏ కార్తెలో విత్తేవారో మీకు తెలుసా" అని అడిగాను ఒకసారి.

పొడుగోడు పార ఆపి, "ఎవరి పూర్వీకులు సార్, మీవోళ్లా మావోళ్లా?" అన్నాడు.

"అందరి పూర్వీకులూను నాయనా."

"మావోళ్ల గింజలైతే మొన్ననే ఏసినం సార్. అగో, మొలకలొచ్చినయి." అని మళ్లీ తవ్వుకున్నాడు.

మొలకలు నిజంగానే వచ్చాయి. వానలకి తీగలయ్యాయి, పందిరెక్కాయి. ఆ పిల్ల డ్యూటీ దిగి సరాసరి ఆసుపత్రి బట్టలతోనే వచ్చేది. తీగల్ని పందిరి మీదకి మళ్లించి, ఆకుల కింద పేనుబంక పట్టిందేమో చూసి, బూడిద చల్లి వెళ్లిపోయేది. మా ఆవిడ టీ ఇస్తే తాగేది, నేను సలహా ఇస్తే తలాడించేది. ఒక తీగ మాత్రం ఎంత మళ్లించినా మాట వినక, పందిరి దాటి, మూలనున్న కరెంటు స్తంభం తాడు పట్టుకుని పైకి పోయింది. "దాన్ని కత్తిరించేద్దామా, క్రమశిక్షణ లేదు" అన్నాను. "ఉండనియ్యుండ్రి సార్, దానికి అటే పోవాలనున్నది" అంది.

చలికాలం వచ్చేసరికి పందిరంతా ఊదారంగు పూలు, పూల వెంట గుత్తులు గుత్తులుగా కాయలు. అంచుకి ఎర్ర జరీ పెట్టినట్టు ఉండే లేత కాయలు. ఇక్కడ నా బాధ మీరు అర్థం చేసుకోవాలి. నేను పుట్టిపెరిగిన ఇంట్లో లేత చిక్కుడుకాయని తీగ మీద ముదరనివ్వడం అంటే, వాకిట్లోకి వచ్చిన చుట్టాన్ని మంచినీళ్లివ్వకుండా పంపేసినట్టు. చిక్కుడు ఎంత కోస్తే అంత కాస్తుందని, కొయ్యకపోతే పాదు అలుగుతుందని మా అమ్మ అనేది. ఆ కాయలు నా కళ్లముందు రోజూ కాస్త కాస్త ముదురుతుంటే నాకు అన్నం సయించేది కాదు. ఆ పిల్ల ఇది కనిపెట్టిందేమో, ఒకరోజు పందిరి కింద నిలబెట్టి రెండో ఆజ్ఞ ఇచ్చింది.

"సార్, ఒక్క కాయ సుత తెంపొద్దు. ముందుగాల వచ్చినయి ఊరికి తీస్కపోయి తల్లికి పెట్టాలె. మిగిలినయి తీగ మీదనే ఎండాలె. తినుడు ఈ యేడు లేదు."

"ఒక్క పూట కూరకి కూడానా?" అన్నాను నవ్వుతూ.

"ఒక్క పూటకు సుత లేదు సార్" అంది. తను నవ్వలేదు.

సరిగ్గా ఆ వారమే ఢిల్లీ నుంచి అతిథి దిగాడు. ఊరికే దిగలేదు, నేనే దింపాను. ఆదివాసీ యువతకు పాత విత్తనాలు తిరిగి ఇప్పించే పనులకి సాయం చేసే పెద్ద సంస్థ ఒకటి ఉందని తెలిసి, పందిరి ముందు నిలబడి తీయించుకున్న ఫోటోలు పంపించాను. (ఫోటోలో పార నా చేతిలో ఉంది. నిమిషం సేపే.) ఆయన హైదరాబాదు వస్తున్నాను, మీ క్షేత్రం చూసి మధ్యాహ్న భోజనం చేసి వెళతాను అన్నాడు. బావమరిది ఖాళీ స్థలాన్ని క్షేత్రం అన్న మొదటి మనిషి ఆయన. నాకు ఆ పూట కాలు భూమ్మీద ఆనలేదు, మోకాలి నొప్పి కూడా తెలియలేదు. వెంటనే పొడుగోడికి ఫోన్ చేసి, మీవాళ్లంతా కొమ్ముల తలపాగాలు పెట్టుకుని డోళ్లు కొడుతూ ఎదురు రావాలన్నాను.

"కొమ్ములు యాడ దొరుకుతయి పెద్దసారూ? ఆన్‌లైన్ల పెట్టాల్నా?"

"మీ నృత్యం కదరా అది."

"మా తాత ఆడుతుండె సార్. నేను క్రికెట్ ఆడుత. బ్యాట్ తీస్కరమ్మంటరా?"

నృత్యం కుదరలేదు కనుక గౌరవం భోజనంలో చూపించాలని నిర్ణయించాను. పొద్దున్నే గిన్నె పట్టుకుని పందిరి వైపు వెళుతుంటే మా ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఏటండీ అది?"

"కూరకి నాలుగు కాయలు."

"ఆ పిల్ల కొయ్యొద్దన్నాది కదేటి. బోయిన్‌పల్లి చిక్కుడు ఇంట్లో ఉన్నాది, నిన్ననే తెచ్చారు మీరే."

"పాత విత్తనం చూడ్డానికి ఢిల్లీ నుంచి వచ్చినాయనకి మార్కెట్ చిక్కుడు పెడతామా? పరువుంటుందా?"

"పరువు సంగతి నాకు తెల్దు. నేను మాత్రం కొయ్యను."

తను కొయ్యలేదు. నేనే కోశాను. చేతికి అందినవి చేత్తో, అందనివి చేతికర్ర కొక్కెంతో తీగ కిందకి వంచి. నాలుగు కాయలనుకున్నవాణ్ణి, ఒక్కసారి చెయ్యి పడ్డాక ఇక ఆగలేదు. ఇన్నాళ్ల ఆకలి వేళ్లలోకి వచ్చేసింది. ఎంత కోస్తే అంత కాస్తుంది అని మా అమ్మ గొంతుతో నాకు నేనే చెప్పుకున్నాను. గిన్నె నిండితే బుట్ట తెచ్చాను. స్తంభం మీద పాకిన తీగకి కూడా గుత్తులున్నాయి కానీ అవి కర్రకి అందలేదు. పెరట్లో నిచ్చెన ఉంది. దాని దాకా వెళ్లి కూడా, ఆ పిల్ల ఎక్కొద్దన్నది గుర్తొచ్చి, డాక్టర్ల మాట జవదాటకూడదని వెనక్కి వచ్చేశాను. మా ఆవిడ గిన్నెలు టంగుటంగున పెడుతూ నువ్వుల పొడి వేసి కూర చేసింది. ఆవిడ కోపంగా వండినప్పుడు వంట ఇంకా బాగుంటుంది, ఏం రహస్యమో తెలియదు.

భోజనాలకి అందరం కూర్చున్నాం. అతిథి మధ్యలో, నేను కుడి పక్క, మౌలాలి కుర్రాళ్లు ఎదురుగా. అప్పుడే డ్యూటీ దిగి ఆ పిల్ల వచ్చింది. అతిథికి దణ్ణం పెట్టి చివర కూర్చుంది. నేను ఆయనకి చెబుతున్నాను, ఈ అమ్మాయి వాళ్ల ఊళ్లో ఒక పండగ ఉందండీ, అది మళ్లీ చేయించడమే మా సంఘం లక్ష్యం అని. ఆయన ముద్ద ముద్దకీ తలాడిస్తున్నాడు. ఇలాంటి రుచి తన జన్మలో ఎరగనన్నాడు. మా ఆవిడ ఆ పిల్ల కంచంలో పప్పు వేసింది, పచ్చడి వేసింది, కూర గిన్నె పట్టుకుని ఎటూ తేలక నిలబడింది. నేనే, "వడ్డించు, సిగ్గుపడుతోంది" అన్నాను.

ఆ పిల్ల కూరలో ఒక గింజని వేలితో పక్కకి జరిపింది. నూనె పట్టిన లేత గింజ, ఇంకా నలుపు తిరగలేదు, అంచున మాత్రం చిన్న నల్ల చుక్క ఉంది.

"ఇవి యాడియి సార్?"

"మనవే." ఎంత గర్వంగా అన్నానో, ఆ గొంతు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. అతిథి చప్పట్లు కొట్టాడు. పొడుగోడి నోట్లో ముద్ద ఉంది, మింగాలో ఉమ్మాలో తెలియక బుగ్గన పెట్టుకుని చెల్లెలి మొహం చూస్తున్నాడు. నల్లగొండవాడు ఏమీ తెలియక ఇంకాస్త కూర వెయ్యమన్నాడు.

ఆ పిల్ల గొడవ చెయ్యలేదు. కంచం అలాగే వదిలేసి, చెయ్యి కడుక్కుని, పందిరి కిందకి వెళ్లింది. నేను కర్ర పుచ్చుకుని వెనకే వెళ్లాను. (ఆ ఒక్కసారి మాత్రం నిజంగా నేనే ఎవరి వెనకో నడిచాను.) పందిరి కింద ఆకులే ఉన్నాయి. ఆ పిల్ల తలెత్తి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసుకుంటూ నడిచింది.

"మళ్లీ కాస్తుందమ్మా, ఎంత కోస్తే అంత కాస్తుంది" అన్నాను.

"ఊళ్లె ఏం చెప్పాలె సార్ నేను?"

"నేనొస్తాను. మీ పెద్దాయనతో అధ్యక్షుడి హోదాలో నేనే మాట్లాడతాను."

"ఏం మాట్లాడతరు? మస్తుగున్నయి, తిన్నమని చెప్తరా?"

లోపల్నుంచి అతిథి పెరుగన్నం కూడా కూరతోనే తింటానని మా ఆవిడని అడుగుతున్నాడు.

రెండో పూత వచ్చింది, కాదనను. దానితో పాటు పేనుబంక కూడా వచ్చింది, పిందెలన్నీ నల్లగా మాడి రాలిపోయాయి. ఎండలు ముదిరాక పొడుగోడు వచ్చి, మోటారు సైకిలు స్తంభం పక్కన నిలబెట్టి, సీటు మీద నిలబడి, ఆ క్రమశిక్షణ లేని తీగకి పైన ఎండిన కాయలు కోసి చెల్లెలికి ఇచ్చాడు. ఆ పిల్ల మా గుమ్మంలో కూర్చుని వొలిచింది. గింజలన్నీ నా అరచేతిలో పట్టాయి. బూడిద కలిపి మళ్లీ ఆ సొరకాయ బుర్రలోనే పోసుకుని వెళ్లింది. ఇంటికి గుప్పెడు అని మాట ఇచ్చిన పిల్ల, ఊరందరికీ కలిపి ఒక్క గుప్పెడు పట్టుకెళ్లింది. ఊరి పెద్ద తిట్టలేదట. గింజలు చూసి, మాటంటే మాటే అని, చెలక పత్తికి ఇచ్చేశాడు. ఆమె కోసం ఎదురుచూసిన ఊరి కుర్రాళ్లు తలొక పనికీ పోయారు, కొందరు అదే చెలకలో మందు కొట్టే కూలికి. బావి దగ్గర ఆడవాళ్లు, పట్నం కూర మంచిగుండెనా పిల్లా అని అడిగారట. ఇవన్నీ పొడుగోడు నాకు చెప్పాడు. ఆ పిల్ల చెప్పలేదు. ఆసుపత్రి ఉద్యోగం మానేసి, వాళ్ల ఊరి దగ్గరే ఏదో పని చూసుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు శాలువా సంగతి. ఢిల్లీ ఆయన ఆ కూర మర్చిపోలేకపోయాడు. మా సంఘానికి సాయం మంజూరు చేశాడు. ఆదివాసీ యువతకి సంప్రదాయ వ్యవసాయం నేర్పే కార్యక్రమం అని దానికి పేరు. నేర్పేవాణ్ణి నేను. యువత లేరు గనక ఏవో హాస్టళ్ల నుంచి బస్సుల్లో పిల్లల్ని తెచ్చారు. టోపీలు ఇచ్చి, పులిహోర పొట్లాలు ఇచ్చి, పందిరి ముందు నిలబెట్టి ఫోటోలు తీశారు. వందలాది అన్నానే, అది ఆ రోజు లెక్క, పూర్తిగా అబద్ధం కాదు. అప్పటికి పందిరి మీద ఏమీ లేదు, వెదుళ్లే ఉన్నాయి. ఫోటోలో బాగుండాలని బ్యానరు కట్టాం. తరవాత ఒక హాల్లో సభ పెట్టి నాకు శాలువా కప్పి, జ్ఞాపికగా 'విత్తన రక్షకుడు' అని చెక్కిన గుండ్రటి ఇత్తడి పళ్లెం ఇచ్చారు. ఇంటికి తెచ్చి ఎక్కడ పెడదామంటే, మా ఆవిడ పుచ్చుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్లి కూర గిన్నె మీద మూతగా పెట్టింది. కొలిచి చేయించినట్టు సరిపోయింది. ఇప్పటికీ మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడల్లా విత్తన రక్షకుణ్ణి పక్కకి తీస్తేనే నాకు కూర.

మొన్నీ మధ్య సికింద్రాబాదులో దేశవాళీ విత్తనాల సంత పెట్టారు. పొడుగోడు ఫోన్ చేసి, చెల్లె వచ్చింది పెద్దసారూ, ఊరోళ్లను తోల్కొచ్చింది అన్నాడు. వెళ్లాను. ఆ పిల్ల మనిషి కొంచెం ఒళ్లు చేసింది, మాట మాత్రం అదే. నేల మీద గోనె పరిచి, బుట్టల్లో సామలు, కొర్రలు, జొన్న కంకులు, ఒక పక్కన నల్లగింజ చిక్కుడు పెట్టుకుని కూర్చుంది. చుట్టూ వాళ్ల ఊరి ఆడపిల్లలు, కుర్రాళ్లు. వాళ్ల వెనక బ్యానరు లేదు. ఆ గుప్పెడు గింజని ఇంటి వెనక ఒక్క పందిరి మీద వేసుకుంటూ, ఏటేటా కొంచెం కొంచెం పెంచుకుంటూ, కోతుల్ని తోలుకుంటూ, చివరికి పోయిన యేడు చిక్కుడు పండగ చేశారట. చెలక మాత్రం తిరిగి రాలేదు. అందులో ఇప్పటికీ పత్తే. ఇంటి పెరళ్లలో పండిన కాయలతోనే తల్లికి పెట్టారు. ఇది ఒక కుర్రాడు చెప్పాడు. చెలక మాట వచ్చినప్పుడు ఆ పిల్ల బుట్టలు సర్దుకుంది.

అక్కడితో నేను ఊరుకుని, గింజలు కొనుక్కుని ఇంటికి వచ్చేయాల్సింది. కానీ చుట్టూ కాలేజీ పిల్లలు గుమిగూడి, ఈ చిక్కుడు ఎట్లా దొరికిందని ఆసక్తిగా అడుగుతున్నారు. అలాంటి శ్రోతల్ని వదులుకోవడం ఈ వయసులో నా వల్ల కాదు. గొంతు సవరించుకుని, కర్ర మీద రెండు చేతులూ ఆనించి, ఈ చిక్కుడు ఇవాళ మీ ముందు ఉందంటే దానికి ఒక కథ ఉంది పిల్లలూ అని మొదలుపెట్టాను. క్షేత్రం చెప్పాను, పందిరి చెప్పాను. కూర సంగతి కూడా దాచలేదు. అతిథి మర్యాద కోసం కొన్ని కోయవలసి వచ్చింది అన్నాను. (కొన్ని. ఆ మాట అన్నప్పుడు పొడుగోడు దగ్గాడు.) "అయితే విత్తనం విలువ తెలిసినవాణ్ణి గనక, పైన ఉన్న కాయల్ని మాత్రం ముట్టుకోలేదు. విత్తనానికని వాటిని అలాగే వదిలిపెట్టాను. ఇదిగో, ఆ వదిలినవే ఇవి" అని బుట్టలోంచి ఒక గింజ తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. పిల్లలంతా ఆ గింజ వైపు చూశారు. ఒకమ్మాయి ఫోటో తీసింది.

ఆ పిల్ల గింజల సంచి మూతి కట్టుకుంటోంది. ముడి బిగించింది. నా చేతిలో గింజ మెల్లగా తీసుకుని మళ్లీ బుట్టలో వేసింది.

"వదల్లేదు సార్," అంది, తలెత్తకుండానే. "అందలేదు."